వెండి ముద్దలో గుంట

నాకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. పుట్టింట్లోనూ అంతే, మెట్టినింట్లోనూ అంతే. చేతిలో పని లేకపోతే గడప దాకా వెళ్లి వస్తాను, మళ్లీ వెళ్తాను. అలాంటిదాన్ని పట్టుకుని ఇల్లు కాలిన మర్నాడు ఊరంతా "ఒక్క తాన కూసో సిద్ధలింగమ్మా" అంటుంటే ఎలా ఉంటుంది? ఇల్లు కాలిన బాధకన్నా ఆ మాటకే నాకు ఎక్కువ ఒళ్లు మండింది.

నారాయణఖేడ్‌లో మాకు పత్తి, కుసుమ నూనె వ్యాపారం ఉండేది. ఇంటి వెనక కొట్టులో పత్తి మూటలు, వాటి పక్కనే నూనె డబ్బాలు. డబ్బాలు తుడిచిన గుడ్డలు తీసుకెళ్లి పత్తి మీద పడేయొద్దని నేను వేసవి మొదలైనప్పటినుంచీ మొత్తుకుంటున్నాను. కుసుమ నూనె ఇంకిన గుడ్డలు కుప్పగా పడి ఉంటే లోపల వాటంతట అవే వేడెక్కుతాయి. చెయ్యి దూర్చి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. మా ఆయన విరుపాక్షప్ప చెయ్యి దూర్చే మనిషి కాదు. "నిప్పు లేంది ఏడన్న అంటుకుంటదానే?" అని నవ్వేవాడు. పొయ్యి ఆర్పేసిన మధ్యాహ్నం పూట, ఎవరూ నిప్పు పెట్టకుండానే, అంటుకుంది. బోరంచ నల్లపోచమ్మకు కోపమొచ్చిందని నలుగురూ అన్నారు. అమ్మవారిని ఎందుకు ఆడిపోసుకుంటారు, కోపమొచ్చింది గుడ్డలకు అన్నాను.

మనుషులం అందరం బయటపడ్డాం. కొట్టు, దాని పక్కన దేవుడి గది, వంటిల్లు బూడిదయ్యాయి. పోతే పోయాయి. కానీ నా కోడలు నీలాంబిక లింగం లోపల ఉండిపోయింది.

మా వాళ్లలో బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే మెడలో ఇష్టలింగం కడతారు. మట్టిలోకి వెళ్లేటప్పుడు కూడా అది మనతోనే వెళ్తుంది. రోజూ దాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని, నీళ్లు పోసి, పూజ చేసుకున్నాకే గొంతులోకి ఏదైనా దిగాలి. నీలాంబిక దాన్ని ఒక్క పూట కూడా ఒంటిమీదనుంచి తీసి ఎరగదు. ఆ రోజు పాలు తాగుతూ తాగుతూ మూడు నెలల పాప లింగం వేలాడే శివదారం పట్టి గుంజింది. చెమటకు నాని ఉన్న దారం పుటుక్కుమంది. కొత్త దారం పేనుకుని కట్టుకుందామని లింగం ఉన్న వెండికాయను దేవుడి గది గూట్లో పెట్టి, పాపకు నీళ్లు పోయడానికి పెరట్లోకి వచ్చింది. అంతసేపే. మంట లేవగానే లోపలికి పరుగెత్తబోతే నేను జుట్టు పట్టి వెనక్కి లాగాను. కొప్పు ఊడి పిల్ల కింద పడింది, అయినా వదల్లేదు. దూలం మా కళ్లముందే కూలింది.

ఆ సాయంత్రం పశువుల కొట్టంలో గోనెలు పరిచి కూర్చోబెట్టి చెంబుతో నీళ్లిచ్చాను. నీలాంబిక తల అడ్డంగా ఊపింది.

"బ్యాడత్తెవ్వా. నాది దొరికేదాక బ్యాడ."

బీదరు వైపు పిల్ల. వద్దు అనడానికి ఇప్పటికీ బ్యాడ అనే అంటుంది. నేను చెంబు పక్కన పెట్టాను. రేపటికి మెత్తబడుతుందిలే అనుకున్నాను. ఎందుకంటే ఈ పిల్లను నేను కోడలిగా తెచ్చుకున్న నాటినుంచీ వెన్నముద్ద అనే పిలిచేదాన్ని. మిరపకాయలు దంచితే ఏడుపు, గట్టిగా మాట్లాడితే ఏడుపు, పొయ్యి ముందు పావుగంట కూర్చుంటే మొహం కందిపోయేది. ఇది ఎండాకాలంలో నీళ్లు మానేసి ఎంతసేపు ఉంటుంది, చూద్దాంలే అనుకున్నాను.

మా కొడుకు గురులింగప్ప అప్పటికే మఠం అయ్యగారిని పిలుచుకు రావడానికి గుర్రం మీద బయల్దేరాడు. అయ్యగారు ఏ ఊళ్లో ఉన్నాడో, ఎప్పటికి దొరుకుతాడో తెలీదు. ఆయన వచ్చి మరో లింగం కట్టి, పర్వాలేదంటే వింటానని నీలాంబిక ఒప్పుకుంది. అంతవరకూ నీళ్లు ముట్టదు. పాలిచ్చే మనిషి. తెల్లారేసరికి పాప చప్పరించి చప్పరించి, ఏమీ రాక, మొహం తిప్పుకుని గుక్కపట్టి ఏడ్చింది. శంకరమ్మ ఇంటినుంచి మేకపాలు తెచ్చి గుడ్డవత్తితో పట్టాం. సగం కక్కేసింది.

శంకరమ్మ వెనక వీధి మనిషి, మా ఇంట్లో అంట్లు తోముతుంది. ఆమె నాకూ ఒక లోటాడు మజ్జిగ తెచ్చింది. "తర్వాత" అని గట్టు మీద పెట్టించాను. నాకు తాగడానికి తీరికెక్కడిది. కొంగు నడుముకు దోపుకుని బూడిదలోకి దిగాను.

ఇన్నేళ్లు పొయ్యి ముందు బతికినదాన్ని, నిప్పు గురించి నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. ఆ బూడిదలో నాకు తెలిసింది కొంచెమే అని అర్థమైంది. ఇత్తడి గిన్నెలకు పూయించిన కళాయి అన్నిటికంటే ముందు కారిపోయినట్టుంది, నేల మీద శనగబద్దలంత చుక్కలుగా పడి ఉంది. నా పెద్ద బిందె ఒక పక్కకు కుంగి, అడుగు నేలకు అతుక్కుపోయింది. పక్కనే ఉన్న రాగి చెంబు మాత్రం నల్లబడి నిలబడే ఉంది. ఇనప పెనం వంకర తిరిగింది, గీకితే పెచ్చులు రాలాయి, అంతే. నీలాంబిక పుట్టింటినుంచి తెచ్చుకున్న గాజులన్నీ ఒకదానికొకటి అంటుకుని ఒకే కడ్డీ అయిపోయాయి. రుబ్బురోలు మూడు ముక్కలైంది. మా అత్తగారి అత్తగారు రుబ్బిన రోలు అది, దానికి చావు లేదనుకునేవాళ్లం. మంటల్లో ఢామ్మని పేలింది అదేనట. మొన్న సంతలో కొన్న అగ్గువ మట్టికుండ మాత్రం ఇంకా ఎర్రబడి, కొడితే కంచులా మోగింది. ఇంట్లో ఎంతో జాగ్రత్తగా దాచుకున్నవి పోయి, విసిరి పారేసే కుండ మిగిలిందని నాకు మంటెక్కింది. కుండను ఒక్క తన్ను తన్నాను. పగల్లేదు.

గూడు ఉన్న గోడ కింద, మట్టి పెళ్లల్లో వెండి దొరికింది. పెద్ద ఉసిరికాయంత ముద్ద, ఒక పక్క గుండ్రంగా, ఒక పక్క చదునుగా. దాని మీద ఉన్న బసవన్న బొమ్మ లేదు, దారం దూర్చే కొంకి లేదు. అది లింగకాయే. చుట్టూ చేతులతో దేవాను. లింగం నల్లగా, నున్నగా, రేగుపండంత ఉంటుంది. నల్లటివన్నీ ఏరాను. అన్నీ బొగ్గులే. నలిపితే పొడి అయ్యాయి.

విరుపాక్షప్ప వచ్చి ముద్దను అరచేతిలో తూచాడు. "వెండే నీళ్లైపాయె. ఇగ దాంట్ల లింగం ఏం మిగుల్తదే?" అన్నాడు. "ఊకె దేవులాడకు. ఎత్తిపోయించి నేల అలికిస్త."

"జర ఆగరాదు."

"ఆగితే వస్తదా?"

నిజమే అనిపించింది. అదే నేను చేసిన తప్పు. వెండి ఖరీదైంది, గట్టిది, అదే తాళలేకపోతే ఇంకేం తాళుతుందని నేనూ అనుకున్నాను. విలువైనదే గట్టిదని మాకు అలవాటైన లెక్క. కూలీలు తట్టలతో బూడిద ఎత్తి ఊరి బయట పోశారు. మెత్తటిది గిన్నెలు తోముకోవడానికి బాగుంటుందని శంకరమ్మ నన్నడిగి నాలుగైదు గంపలు తీసుకుపోయింది. వెండి ముద్దను నేను కొంగున ముడి వేసుకున్నాను.

సాయంత్రానికి నీలాంబిక కళ్లు లోపలికి పోయాయి. పెదవులు పగిలి నెత్తురు కనిపించింది. ఏడవడం కూడా మానేసింది, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఎప్పుడూ ఏడ్చే మనిషి ఏడవకపోతే చూడలేం. నేను తిట్టాను, బతిమాలాను, పాపను తెచ్చి ఒళ్లో పడేశాను. "నీ బిడ్డ ముఖం చూడు, గుక్కెడు తాగు" అన్నాను. అది పాప తల నిమిరి నావైపు చూసి, "అత్తెవ్వా, తాగాలనే ఉన్నది. కాని చెయ్యి లేస్తలేదు" అంది. నేను బయటికి వచ్చి కొట్టం చుట్టూ తిరిగాను. అటు పది అడుగులు, ఇటు పది అడుగులు. తల తిరుగుతోంది. నాలుక అంగిటికి అతుక్కుంటోంది. ఎండ అలా ఉంది మరి.

తడిక అవతల విరుపాక్షప్ప అరుగు మీద జొన్నరొట్టె తింటున్నాడు. ఎదుటింటివాళ్లు పంపారట. ఆయన తినడం చూస్తే నాకు ఇల్లు మళ్లీ అంటుకున్నట్టైంది.

"ఒక మాట చెప్త, కయ్యానికి రాకు" అన్నాడు. "కల్హేర్ల జంగమయ్య తాన లింగాలుంటయి. ఒకటి పట్టుకొస్త. బూడిదల దొరికింది, ఇదే నీదని చెప్దాం. అన్ని ఒక్క తీరుగనే ఉంటయి. పిల్ల తాగుతది, బతుకుతది."

"శివుని పేరు మీద అబద్ధం ఆడమంటవా?"

"సచ్చిపోతే నిజం ఏం చేసుకుంటవే?"

సరే అన్నాను. పొద్దున్నే వెళ్లి తెమ్మన్నాను. నాకు అప్పుడు నిజమూ అబద్ధమూ పట్టలేదు, ఆ పిల్ల గొంతు తడిస్తే చాలనిపించింది.

తెల్లవారి విరుపాక్షప్ప బండి కడుతుంటే నేను పక్కన నిలబడి, ఊరికే ఉండలేక కొంగు ముడి విప్పాను, మళ్లీ వేశాను, మళ్లీ విప్పాను. వెండి ముద్ద వేళ్ల మధ్య తిరుగుతోంది. చదునుగా ఉన్న వైపు బొటనవేలు జారి ఒక గుంటలో పడింది. నిన్న దానికి మట్టి పట్టి ఉంది. నిన్నటినుంచీ నా చెమటకు నాని, కొంగుకు రాసుకుని మట్టి రాలిపోయింది. పొద్దుకు పట్టి చూశాను. గోరంత గుంట. అంచు కోసినట్టు ఉంది. గుండ్రం కాదు, ఒక పక్కకు కొద్దిగా కొక్కెంలా సాగింది. లోపల నున్నగా ఉంది.

వెన్న కాచి గిన్నెలో పోసి, పేరుకునేటప్పుడు అందులో చెంచా ఉండిపోతే, తీశాక దాని అచ్చు అలాగే నిలబడుతుంది. ఈ వెండి నీళ్లై, మళ్లీ పేరుకునేటప్పుడు ఇందులో ఏదో నిలబడి ఉంది. వెండి కరిగినా అది కరగలేదు.

చిన్నప్పుడు మా అవ్వ లింగానికి పెచ్చు ఊడితే జంగమయ్య మా వసారాలో కూర్చుని కొత్త పూత వేశాడు. గుగ్గిలం, నల్లజీడి రసం, మసి కలిపి కాచాడు. ఇల్లంతా ఘాటు. పిల్లలు చూడకూడదని గుడ్డ అడ్డం పెట్టి లింగాన్ని అందులో ముంచాడు. అంటే నలుపు పైపూత. గుగ్గిలం నిప్పులో నిలుస్తుందా, దీపంలా మండుతుంది. ఇత్తడి గిన్నె మీద కళాయి పోయినట్టే ఆ నలుపూ పోయి ఉంటుంది. లోపల ఉన్నది రాయి. దాని రంగేమిటో మా ఇంట్లో ఎవరం చూడలేదు. పుట్టినప్పటినుంచీ గుండెల మీద పెట్టుకుని తిరుగుతున్నాం, లోపల ఎలా ఉంటుందో తెలీదు. నల్లటిదాన్ని వెతికాం. తెల్లటిదో, బూడిద రంగుదో దొరికితే నేనే తీసి అవతల పారేసి ఉంటాను.

"బండి ఇడువు" అన్నాను. "కల్హేర్ పోకు."

"మల్లేమైందే నీకు?"

చెప్పే ఓపిక లేదు. ఎండలోనే వెనక వీధికి పరుగెత్తాను. పరుగు అనుకున్నాను గానీ గోడలు పట్టుకుని నడిచానని శంకరమ్మ తర్వాత చెప్పింది. గూడు గోడ కింది బూడిద మెత్తగా ఉందని ఆమె గంపల్లోకే ఎత్తిన సంగతి నాకు గుర్తుంది.

శంకరమ్మ గుమ్మంలో గిన్నెలు తోముతోంది. "గా బూడిద ఏం చేసినవే?" అన్నాను.

"జల్లెడ పట్టిన అవ్వా. మెత్తంది కుండల పోసిన. గరుకుదంత గో గాడ పారబోసిన, కాళ్లకు గుచ్చుతున్నదని. ఏంది, ఏమన్న పోయిందా?"

తడిక పక్కన చిన్న కుప్ప. మోకాళ్ల మీద కూలబడ్డాను. మేకులు, కాలిన పెంకులు, ఎర్రబడిన మట్టిగడ్డలు, గోడరాళ్ల ముక్కలు. ఒక్కొక్కటి తీసి గుంటలో పెట్టి చూశాను. శంకరమ్మ ఏమీ అడక్కుండా నా పక్కన కూర్చుని తనూ ఏరి ఇవ్వసాగింది. ఎండ నడినెత్తికి వచ్చింది. ఎన్నో రాళ్లు. ఏదీ పట్టలేదు. నా మీద నాకే నమ్మకం పోయి, లేవబోతూ చెయ్యి ఆనిస్తే అరచేతిలో గుచ్చుకుంది.

బూడిద రంగు రాయి. చింతగింజ కన్నా కాస్త పెద్దది. కింద సన్నటి పీట, దానికి ఒక పక్క చిన్న కాలువ, పైన గోరంత లింగం. పీట అంచున వెంట్రుకంత వెండి తీగ అతుక్కుని ఉంది. రుబ్బురోలు పగిలిన మంటలో దానికి చిన్న బీట కూడా లేదు.

గుంటలో పెట్టాను. పట్టలేదు. తిప్పి పెట్టాను. కాలువ కొక్కెంలోకి వెళ్లి, టక్కున కూర్చుంది.

కొట్టానికి ఎలా వచ్చానో తెలీదు. నీలాంబిక గోడకు చేరబడి కళ్లు మూసుకుని ఉంది. "దొరికింది, లే" అన్నాను. అది కళ్లు తెరిచి నా చేతిలో రాయిని చూసింది. తర్వాత నెమ్మదిగా అంది.

"ఇది నాది కాదత్తెవ్వా. నాది నల్లగ ఉండె. నిన్న మామయ్య మాట్లాడింది తడికల్నుంచి విన్న. నువ్వు వద్దనలేదు. అది గుడ విన్న."

నాకు చెంప మీద కొట్టినట్టైంది. అది అన్నదాంట్లో తప్పేం లేదు. నేను వద్దనలేదు. ఎప్పుడూ కస్సుమనేదాన్ని, నిన్న మాత్రం తెమ్మనే అన్నాను. వెండి ముద్దను ఒక చేతిలో, రాయిని ఇంకో చేతిలో పెట్టాను.

"నన్ను నమ్మకు. నువ్వే పెట్టి చూడు. ఒక్క దిక్కే పడ్తది."

వేళ్లు సరిగా వంగక రాయి రెండుసార్లు ఒళ్లో పడింది. నేను సాయం చేయబోయి ఆగాను. మూడోసారి పీట అంచు తడిమి, కాలువ చూసి, తిప్పి పెట్టింది. టక్కుమంది. తీసింది, మళ్లీ పెట్టింది. వెండి తీగ తెగిన చోట ముద్ద మీద ఉన్న తెగిన గుర్తుకు సరిగ్గా వచ్చి ఆనింది. నీలాంబిక గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. ఏడుపే గానీ కన్నీళ్లకు ఒంట్లో నీళ్లు లేవు.

విరుపాక్షప్ప గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. "బాగనే ఉంది గని, పూత లేంది పూజకు చెల్లుతదా? అయ్యగారు రానీయ్. ఆయన్ని అడగకుంట..."

నేను నోరు తెరిచేలోపే నీలాంబిక అంది. మామగారి ముందు తలెత్తి మాట్లాడటం అదే మొదటిసారి.

"పూత అయ్యగారు వచ్చినంక పెడ్తడు మామయ్యా. లింగం ఇదే."

ఆయన వెళ్లి తనే బావినుంచి నీళ్లు తోడి తెచ్చాడు. నీలాంబిక ఎడమ అరచేతిలో రాయిని పెట్టుకుంది. అంత చిన్నది, అంత బోడిది, చూస్తే నాకు జాలేసింది. నీళ్లు పోసింది, విభూతి పెట్టింది, కళ్లు మూసుకుంది. ఇన్నాళ్లూ వెన్నముద్ద వెన్నముద్ద అనుకున్నానే, ఎవర్ని చూసి అనుకున్నానా అనిపించింది. కళ్లు తెరిచి చెంబు అందుకుని పెదవుల దాకా తీసుకెళ్లింది. తాగలేదు. నావైపు చూసింది.

"అత్తెవ్వా, నువ్వెప్పటి సంది తాగలే?"

"నాకేం రోగం. తాగిన."

"మొన్నటి సంది నీ కాయ తెరవలే. పూజ చెయ్యకుంట నువ్వు నీళ్లు ముట్టవు. నేను గీడ కూసోని చూస్తనే ఉన్న."

నా చెయ్యి మెడ దగ్గరికి వెళ్లింది. దాని లింగం బూడిదలో ఉండగా నాది తెరిచి పూజ చేసుకోవడం నాకు చేత కాలేదు. ఎవరికీ చెప్పాలనుకోలేదు. చెప్తే పెద్దదాని ఆర్భాటం అంటారు. కాయ మూత తీయబోతే వేళ్లు వంగలేదు. నీలాంబిక తన చెంబు కింద పెట్టి, నా కాయ మూత తీసి, నల్లటి లింగాన్ని నా ఎడమ అరచేతిలో పెట్టి, నీళ్లు పోసింది. ఏం మంత్రం చదివానో గుర్తు లేదు. విభూతి పెట్టేటప్పుడు అది నా వేలు పట్టుకుంది.

తర్వాత చెంబు నా నోటికి అందించింది. సగం తాగి దానికిచ్చాను. మిగతాది అది గడగడా తాగింది, నీళ్లు గెడ్డం మీదుగా కారాయి. పొలమారి దగ్గు వచ్చింది. నాకూ వచ్చింది. పాప గోనె మీద కాళ్లు తన్నుకుంటూ ఏడుస్తోంది.

"నా మొఖం ఏం చూస్తవు" అన్నాను. "ఇంకింత తాగి పిల్లకు పాలియ్యి."